ఒడిశా సరిహద్దు ఊళ్లవాళ్లు కారు వారంటీ రిపేరు ఎలా చేయించుకోవాలి?

“వారంటీ ఇంకా ఏడాది ఉంది. అయినా పద్దెనిమిది వేలు కట్టమంటున్నారు. ఇప్పుడేం చేయాలి?” పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం... ఎటువైపు వాళ్లు కలిసినా ఈమధ్య నన్ను అడిగేది ఇదే. ఒక్కొక్కరికి ఒక్కో ముక్క చెప్పే బదులు మొత్తం ఒకచోట రాస్తున్నాను.

మన ఇబ్బంది మిగతావాళ్లకంటే కొంచెం వేరు. కారు కొన్న ఊరు ఒకటి, నంబరు వేయించిన ఊరు ఇంకొకటి. పర్లాకిమిడి వాళ్లం శ్రీకాకుళమో విశాఖపట్నమో వెళ్లి కొంటాం. రాయగడ వాళ్లు పార్వతీపురం మీదుగా విజయనగరం దిగుతారు. ఓడీ-20, ఓడీ-18 నంబరు ప్లేటు చూడగానే అక్కడి వర్క్‌షాప్‌లో “ఒడిశా బండి కదా సార్, మీ దగ్గరే చూపించుకోండి” అంటారు. సరే అని బరంపురం వెళ్తే “ఆంధ్రాలో కొన్నారు కదా, అక్కడే అడగండి” అంటారు. ఇద్దరి మాటా తప్పే. కంపెనీ ఇచ్చే వారంటీ బండికి ఇచ్చింది. అది నంబరు ప్లేటును బట్టి మారదు, అమ్మిన షోరూమ్‌తో ముడిపడి ఉండదు. ఆ కంపెనీకి దేశంలో ఎక్కడ అధికారిక వర్క్‌షాప్ ఉన్నా అక్కడ అడగవచ్చు. మీ వారంటీ పుస్తకంలోనే ఈ సంగతి రాసి ఉంటుంది. ఆ పేజీకి ఒక గుర్తు పెట్టుకోండి.

నాకూ ఇది జరిగింది. నా డీజిల్ కారు తప్తపాణి ఘాటు (కొండ దారి) ఎక్కుతుంటే సగంలో లాగడం మానేసేది. ఇంజిన్ లైటు వెలిగేది. ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే మామూలే. కొన్న షోరూమ్‌కి రెండుసార్లు తీసుకెళ్లాను. రెండుసార్లూ బండి కడిగి, “ఏ లోపం లేదు” అని రాసి పంపారు. మూడోసారి పని అయింది. ఆ మూడోసారి నేను గట్టిగా అరవలేదు, పెద్దవాళ్ల చేత ఫోన్ చేయించలేదు. కౌంటరు దగ్గర కాగితం మీద ఏం రాయించుకోవాలో తెలుసుకుని వెళ్లాను, అంతే. అందుకే కింద మూడో మెట్టు గురించి ఎక్కువ రాశాను. తొందరలో ఉంటే కనీసం అదైనా చదవండి.

ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

కారు బిల్లు, ఆర్‌సీ, వారంటీ పుస్తకం, ఇప్పటిదాకా చేయించిన ప్రతి సర్వీసు బిల్లు. ఎక్స్‌టెండెడ్ వారంటీ కొని ఉంటే దాని సర్టిఫికెట్ విడిగా కావాలి. దాని మీద ఎవరి పేరుందో చూడండి. కంపెనీ పేరుంటే ఏ అధికారిక వర్క్‌షాప్‌లోనైనా చెల్లుతుంది. డీలరు సొంత పథకమైతే అది ఆ డీలరు దగ్గరే చెల్లవచ్చు, షరతులు చదవాలి.

కొన్నరోజే షోరూమ్ వాళ్లు మ్యూజిక్ సిస్టమ్, వెనక కెమెరా, సీటు కవర్లు వేసి ఉంటే ఆ బిల్లు కూడా తీయండి. ఎందుకో తర్వాత చెప్తాను.

వీటితోపాటు ఒక చిన్న నోటుపుస్తకం, ఫోన్‌లో వీడియో తీయడానికి కాస్త ఖాళీ, మీరు రోజూ చూసే ఒక ఈమెయిల్. వాట్సాప్ చాలదా అంటే, వాట్సాప్ ఉన్నా మంచిదే కానీ ఈమెయిల్ తప్పనిసరి.

1. ఇది వారంటీ పనేనా అని ఇంట్లోనే తేల్చుకోండి

పుస్తకం తీసి రెండు పేజీలు చదవండి. ఒకటి, గడువు. “3 సంవత్సరాలు లేదా 1 లక్ష కిలోమీటర్లు, ఏది ముందైతే అది” అన్నట్టు ఉంటుంది. ఏళ్లు మిగిలి ఉన్నా కిలోమీటర్లు దాటితే వారంటీ అయిపోయినట్టే. రాయగడ, కోరాపుట్ వైపు రోజూ తిరిగే బండ్లకు ఇది తొందరగా వచ్చేస్తుంది. రెండోది, వర్తించనివాటి జాబితా. బ్రేక్ ప్యాడ్లు, క్లచ్ ప్లేటు, వైపర్ బ్లేడ్లు, ఫిల్టర్లు, బల్బులు లాంటి అరిగిపోయే వస్తువులు మామూలుగా అందులో ఉంటాయి. టైర్లకు, చాలా కంపెనీల్లో బ్యాటరీకి కూడా, వాటిని తయారుచేసినవాళ్ల వారంటీ విడిగా ఉంటుంది.

ఎలుకలు వైర్లు కొరికినా, వంశధార పొంగి బండి నీట మునిగినా అది వారంటీ పని కాదు. ఇన్సూరెన్స్ వాళ్లను అడగాలి. నీట మునిగిన బండిని మాత్రం స్టార్ట్ చేసి చూడకండి. ఇంజిన్‌లోకి నీళ్లు పోతే అయ్యేది చాలా పెద్ద ఖర్చు.

గడువు నాలుగు రోజుల్లో అయిపోతోంది, వర్క్‌షాప్‌లో పది రోజుల తర్వాత గాని ఖాళీ లేదన్నారు అనుకోండి. ఆ నాలుగు రోజుల్లోనే కంపెనీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. అదే విషయం ఈమెయిల్‌లో కూడా పెట్టండి. వారంటీలో ఉండగా చెప్పిన లోపానికి, పని తర్వాత జరిగినా, మీ హక్కు పోదు. చెప్పినట్టు రుజువు ఉండాలి, అంతే.

2. లోపాన్ని పట్టుకోండి

ఎప్పుడూ ఉండే లోపమైతే సులువు. మనకు వచ్చేవి ఎక్కువగా ఘాటు మీద, వానలో, చలికాలం పొద్దున్నే వచ్చేవి. వర్క్‌షాప్ ముందున్న చదునైన రోడ్డు మీద అవి కనిపించవు. కాబట్టి నోటుపుస్తకంలో ఇలా రాయండి: తేదీ, కిలోమీటర్ల రీడింగ్, ఏ రోడ్డు, ఎక్కుడా దిగుడా, ఎన్నో గేరు, ఎంత స్పీడు, ఎంతమంది ఉన్నారు, ఏసీ వేసి ఉందా, ఏం జరిగింది. పక్కన కూర్చున్నవాళ్ల చేత వీడియో తీయించండి. డ్రైవ్ చేస్తూ మీరు తీయకండి. వీడియోలో మీటరు, వెలిగిన లైటు, కిలోమీటర్లు ఒకేసారి కనిపించాలి. శబ్దం సమస్య అయితే పాటలు ఆపి, అద్దాలు ఎత్తి తీయించండి.

ఇక్కడ చాలామంది చేసే తప్పు ఒకటుంది. లైటు వెలగగానే ఊళ్లో తెలిసిన మెకానిక్ దగ్గరికి వెళ్తారు. ఆయన మంచి మనసుతోనే బ్యాటరీ వైరు పీకి మళ్లీ పెడతాడు. లైటు పోతుంది. దాంతోపాటు చాలా బండ్లలో కంప్యూటర్‌లో నమోదైన ఎర్రర్ కోడ్ కూడా పోతుంది. మీ దగ్గరున్న గట్టి సాక్ష్యాన్ని మీరే తుడిచేసినట్టు. ఇంకా పెద్ద తప్పు, బయట విప్పించడం. ఒక్క బోల్టు విప్పినా “బయటివాళ్లు చెయ్యి పెట్టారు” అనే మాటకు చోటిచ్చినట్టే. దారిలో బండి ఆగిపోతే కంపెనీ రోడ్‌సైడ్ సహాయం నంబరుకి ఫోన్ చేయండి. ఆ కాల్ కూడా ఒక రికార్డే.

3. జాబ్ కార్డు మీ మాటల్లో రాయించండి

జాబ్ కార్డు అంటే బండి అప్పగించేటప్పుడు మీ ఫిర్యాదు, చేయాల్సిన పని వర్క్‌షాప్ వాళ్లు రాసే కాగితం. కౌంటరులో ఉండే సర్వీస్ అడ్వైజర్ కంప్యూటర్ ముందు కూర్చుని మీరు చెప్పింది వింటాడు. విని, తనకు అలవాటైన నాలుగు ముక్కలు కొడతాడు. నా మొదటి రెండు జాబ్ కార్డుల్లో ఉన్నది ఇంతే:

“పికప్ తక్కువ. జనరల్ చెకప్.”

దీన్ని పట్టుకుని మెకానిక్ ఏం చేస్తాడు? వర్క్‌షాప్ చుట్టూ ఒక చుట్టు తిప్పి, బాగానే ఉందంటాడు. ఆయన తప్పు కూడా కాదు. మూడోసారి నేను ముందే కాగితం మీద రాసుకుని వెళ్లి, ఇదే ఎక్కించమన్నాను:

“ఎక్కుడు మీద, నలుగురు మనుషులతో, మూడో గేరులో 40 స్పీడు దగ్గర బండి లాగడం మానేస్తోంది. ఇంజిన్ లైటు వెలుగుతోంది. ఆపి స్టార్ట్ చేస్తే పోతోంది. నెలలో మూడుసార్లు జరిగింది. వీడియో చూపించాను. ఇదే ఫిర్యాదుతో ఇది మూడో రాక.”

తేడా చూడండి. రెండోదాన్ని “లోపం లేదు” అని కొట్టేయాలంటే ఎవరో ఒకరు నలుగురిని ఎక్కించుకుని ఎక్కుడు మీదికి వెళ్లాలి.

జాబ్ కార్డు దగ్గర గుర్తుపెట్టుకోవాల్సినవి ఇంకొన్ని:

లక్షణం చెప్పండి, భాగం పేరు చెప్పకండి. “ఇంజెక్టర్ మార్చండి” అని రాయిస్తే వాళ్లు ఇంజెక్టర్ చూసి బాగుందని రాస్తారు. మీ ఫిర్యాదు అక్కడితో ముగిసినట్టవుతుంది.

పాత ఫిర్యాదే అయితే “మళ్లీ వచ్చింది” అన్న మాట, పాత జాబ్ కార్డు నంబరు తప్పకుండా ఉండాలి. అదే లోపానికి ఎన్నిసార్లు తిరిగారన్నది తర్వాత అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడుతుంది.

పని ఏ రకం అన్నచోట వారంటీ అని ఉందో లేదో చూడండి. “రన్నింగ్ రిపేర్” (మనం డబ్బు కట్టే మామూలు రిపేరు) అని వేసి, అంచనా ఖర్చు దగ్గర ఒక అంకె వేసి ఉంటే, ఆ ఖర్చుకు ఒప్పుకుని సంతకం చేసినట్టు అవుతుంది. ఖాళీ ఫారం మీద సంతకం అసలు పెట్టకండి.

స్కానర్ పెట్టినప్పుడు వచ్చే కోడ్‌లను చెరిపేముందు ఫోటో ఇమ్మని అక్కడే చెప్పండి. అడిగితే చాలామంది ఇస్తారు.

కాపీ చేతికి వచ్చాకే తాళం ఇవ్వండి. ప్రింటర్ పాడైందంటే స్క్రీన్‌ని ఫోటో తీసుకోండి.

భాష గురించి కూడా ఒక మాట. బరంపురం, జయపురం వైపు కౌంటరులో ఒడియాలో మాట్లాడితే పని తొందరగా కదులుతుంది, నిజమే. కానీ “కాలి హెబ, ఆగ్యా” అంటే రేపు అవుతుందని మాత్రమే, రాసి ఇచ్చినట్టు కాదు. మాట ఏ భాషలో నడిచినా కాగితం ఇంగ్లీషులో ఉండేలా చూసుకోండి. రేపు దాన్ని చదివేది వేరే రాష్ట్రంలో కూర్చున్న కంపెనీ మనిషి.

4. టెస్ట్ డ్రైవ్‌కి మీరూ వెళ్లండి

“సాయంత్రం రండి సార్, చూసి పెడతాం” అంటే ఒప్పుకోకండి. మెకానిక్‌ని పక్కన కూర్చోబెట్టుకుని, లోపం వచ్చే పరిస్థితిలోనే నడపండి. విశాఖలో నాకు తప్తపాణి ఘాటు ఎక్కడ దొరుకుతుంది? సింహాచలం కొండ దారికి తీసుకెళ్లాను. నలుగురం ఎక్కాం. కొండ సగం ఎక్కేసరికి లైటు వెలిగింది, బండి ఈడ్చుకుంటూ ఆగినంత పనైంది. పక్కనున్న కుర్రాడు “అవును సార్, టర్బో ప్రెజర్ పోతోంది” అన్నాడు. ఆ మాట జాబ్ కార్డు వెనక అతని చేతే రాయించాను.

పొద్దున్న చల్లగా ఉన్నప్పుడే వచ్చే సమస్య అయితే, బండిని రాత్రి అక్కడే వదిలి, మీరు వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని రాయించండి. “ఈ మోడల్ అన్నీ ఇలాగే ఉంటాయి” అంటే అదే మోడల్ ఇంకో బండి చూపించమనండి. షోరూమ్‌లో డెమో బండి ఉంటుంది కదా. రెండూ ఒకే రోడ్డు మీద నడిపి చూస్తే మాటలతో పని ఉండదు.

5. కాదంటే, కారణం రాసి ఇమ్మనండి

నా బండికి దొరికిన లోపం, టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో తోసే భాగం) నుంచి గాలి వెళ్లే గొట్టానికి సన్నని పగులు. ఖాళీగా నడిపితే తెలియదు, బరువు పడి గాలి ఒత్తిడి పెరిగినప్పుడే విచ్చుకుంటుంది. లోపం దొరికింది కదా అని ఊపిరి పీల్చుకుంటే, “రబ్బరు భాగం సార్, వారంటీ లేదు” అన్నారు. నేను అడిగింది ఒకటే. “పుస్తకంలో ఏ పేజీలో ఉందో చూపించి, అదే ఈమెయిల్‌లో రాసి పంపండి.” వాళ్లు చూపించిన జాబితాలో బెల్టులు, బుష్‌లు, వైపర్ రబ్బర్లు ఉన్నాయి. ఈ గొట్టం లేదు. మేనేజర్ లోపలికి వెళ్లి ఫోన్ మాట్లాడి వచ్చాక కంపెనీకి క్లెయిమ్ పెట్టారు.

ఒక విషయం తెలిసి ఉంటే ఈ మాటలు తేలిగ్గా నడుస్తాయి. వారంటీ పనికి డీలరు తన జేబులోంచి ఖర్చు పెట్టుకోడు. పని చేసి, పాత భాగాన్ని ఫోటోలతో చూపించి, కంపెనీ దగ్గర డబ్బు వసూలు చేసుకుంటాడు. కంపెనీ ఒప్పుకోదేమో అన్న భయంతోనే చాలాసార్లు ముందుగా మనల్ని కాదంటాడు. అందుకని ఆయనతో పోట్లాడే బదులు “మీరు క్లెయిమ్ పెట్టండి, కంపెనీ కాదంటే ఆ జవాబు నాకు చూపించండి” అనండి.

తరచుగా వినిపించే మాటలు, వాటికి ఏమనాలో:

“బయట ఫిట్టింగులు వేయించారు.” ఆ ఫిట్టింగుకీ పాడైన భాగానికీ సంబంధం ఏమిటో రాసి ఇమ్మనండి. సీటు కవరు వేస్తే గేర్‌బాక్స్ పాడవదు. అయితే హెడ్‌లైట్ వైర్లు కోసి ఎక్కువ వాట్ల బల్బులు పెట్టించి, ఇప్పుడు వైరింగ్ కాలిందంటే వాళ్ల మాటే నిలుస్తుంది. అది ఒప్పుకోవాలి. ఫిట్టింగు షోరూమ్ వాళ్లే వేసిందైతే, పైన తీయమన్న బిల్లు ఇక్కడ పనికొస్తుంది.

“సర్వీసు ఆలస్యంగా చేయించారు.” ఇది కొంత నిజమైన అభ్యంతరమే. ఎన్ని రోజులు, ఎన్ని కిలోమీటర్లు తేడా వరకు ఒప్పుకుంటారో పుస్తకంలో చూడండి. ఆయిల్ మార్చడం మానేసి ఇంజిన్ అరిగిందంటే గెలవడం కష్టం. ఆయిల్‌కి, ఏసీకి సంబంధం లేదు కాబట్టి ఏసీ రిపేరును ఆ సాకుతో ఆపలేరు.

“కల్తీ డీజిల్.” ట్యాంకులోంచి శాంపిల్ మీ ఎదురుగా తీసి, సీసాకి సీలు వేసి, పరీక్ష రిపోర్టు ఇవ్వమనండి. కంటితో చూసి, వాసన పట్టి చెప్పేది రిపోర్టు కాదు. పెట్రోలు బంకు బిల్లులు లేదా యూపీఐ చెల్లింపులు చూపించండి.

“పార్ట్ రావాలి.” ఏ తేదీన ఆర్డర్ పెట్టారు, ఆర్డర్ నంబరు ఎంత? ఈ రెండూ మెసేజ్‌లో పంపమనండి. మూడు వారాలు గడిచినా కదలకపోతే ఆరో మెట్టుకు వెళ్లండి. బండి నడపడం ప్రమాదమైతే ఆ మాట కూడా రాసివ్వమనండి.

“ముందు కట్టండి, తర్వాత ఇప్పిస్తాం.” వీలైనంతవరకు కట్టకండి. ఇంట్లో ఎవరికో ఆస్పత్రి పని ఉంది, బండి తప్పదు అనుకోండి, అప్పుడు కట్టక ఏం చేస్తాం? బిల్లు మీద “అభ్యంతరంతో చెల్లిస్తున్నాను, ఇది వారంటీ పని” అని రాసి సంతకం పెట్టండి. అదే రోజు ఈమెయిల్ కూడా పంపండి. డబ్బు బ్యాంకు ద్వారానే ఇవ్వండి. తీసేసిన పాత భాగాన్ని అడిగి తెచ్చుకోండి. డబ్బు మీరు కట్టినప్పుడు ఆ పాత సామాను మీది. వారంటీలో ఉచితంగా మారిస్తే మాత్రం అది కంపెనీకి పోతుంది, అడగకండి.

6. మెట్టు మెట్టుగా పైకి వెళ్లండి

అడ్వైజర్ తర్వాత సర్వీస్ మేనేజర్. ఆయన తర్వాత కంపెనీ కస్టమర్ కేర్. ఫోన్‌లో మాట్లాడి ఊరుకోకుండా ఈమెయిల్ పంపండి. తిట్లు వద్దు, “కోర్టుకి లాగుతా” అనే మాట మొదటి ఉత్తరంలోనే వద్దు. ఇంత రాస్తే చాలు. దీన్ని ఇంగ్లీషులో పెట్టించుకోండి:

“నా కారు మోడల్, రిజిస్ట్రేషన్ నంబరు, ఛాసిస్ నంబరు ఇవి. కొన్న తేదీ ఇది, ఇప్పటికి ఇన్ని కిలోమీటర్లు తిరిగింది. ఫలానా లోపంతో ఈ మూడు తేదీల్లో మీ అధికారిక వర్క్‌షాప్‌కి తీసుకువచ్చాను. జాబ్ కార్డులు జతచేశాను. వారంటీ వర్తించదని నోటిమాటగా చెప్పారు. ఏ షరతు ప్రకారమో రాతపూర్వకంగా ఇవ్వలేదు. మీ ఏరియా సర్వీస్ మేనేజర్ నా సమక్షంలో బండి పరీక్షించి, వారంటీ కింద ఉచితంగా బాగు చేయించాలని కోరుతున్నాను. 15 రోజుల్లో జవాబు ఇవ్వండి.”

జాబ్ కార్డులు, వీడియో, బిల్లులు జతచేయండి. ఫిర్యాదు నంబరు వస్తుంది, దాన్ని నోటుపుస్తకంలో ఎక్కించండి. కొన్నాళ్లకు ఒక ఫోన్ వచ్చి “సమస్య తీరింది కదా సార్?” అని అడుగుతారు. తీరకపోతే తీరలేదనే చెప్పండి. మొహమాటానికి “ఆఁ, సరే” అంటే ఫిర్యాదు మూసేస్తారు.

ఇక్కడ ఇంకో దారి కూడా ఉంది. ఒక వర్క్‌షాప్‌లో మొండికేస్తే, అదే కంపెనీకి వేరే యాజమాన్యం నడిపే వర్క్‌షాప్ ఇంకొకటి చూడండి. సరిహద్దులో ఉన్నందుకు మనకు కలిసొచ్చేది ఇదే. బరంపురం కాదంటే శ్రీకాకుళం, జయపురం కాదంటే విజయనగరం. గడువు ఈమధ్యే దాటిపోయి, సర్వీసులన్నీ సమయానికి చేయించి ఉంటే, “గుడ్‌విల్ కింద కొంత భరించండి” అని కంపెనీని అడగవచ్చు. హక్కుగా కాదు, అభ్యర్థనగా. కొన్నిసార్లు ఒప్పుకుంటారు.

7. 1915

15 రోజులు గడిచాక జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. తెలుగులోనూ, ఒడియాలోనూ మాట్లాడతారు. వాళ్లు మీ ఫిర్యాదును కంపెనీకి పంపి జవాబు అడుగుతారు. ఆదేశించే అధికారం వాళ్లకు లేదు, అది తెలిసి వెళ్లండి. అయినా డీలరు కౌంటరు దగ్గర ఆగిపోయిన విషయం ఈ దారిలో కంపెనీ పెద్ద ఆఫీసుకు చేరుతుంది. చాలా గొడవలు ఇక్కడే తీరిపోతాయి. ఖర్చేమీ లేదు.

8. చివరికి వినియోగదారుల కమిషన్

కమిషన్ అంటే మనం వినియోగదారుల కోర్టు అనేదే. ఈ మెట్టు చూసి చాలామంది భయపడతారు. “విశాఖలో కొన్నాం, వాయిదా వాయిదాకి అక్కడికి ఎవరు తిరుగుతారు?” అని. ఆ భయం పాత చట్టం నాటిది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలై 20 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే, లేదా పని చేసుకునే జిల్లాలోనే కేసు వేయవచ్చు. కారు ఆంధ్రాలో కొన్నా, రాయగడ మనిషి రాయగడ జిల్లా కమిషన్‌లో వేసుకోవచ్చు. మనలాంటి సరిహద్దు వాళ్లకు ఈ చట్టం చేసిన పెద్ద మేలు ఇదే. ఎంతమందికి చెప్పినా తక్కువే అనిపిస్తుంది నాకు.

బండికి చెల్లించిన ధర 50 లక్షల వరకు ఉంటే జిల్లా కమిషనే. ఫీజు ధరను బట్టి: 5 లక్షల వరకు లేదు, 10 లక్షల వరకు 200 రూపాయలు, 20 లక్షల వరకు 400, 50 లక్షల వరకు 1000. వకీలు ఉండి తీరాలని లేదు, మీరే వాదించుకోవచ్చు. ఆన్‌లైన్‌లో వేయాలంటే 2025 జనవరి 1న మొదలైన ఈ-జాగృతి పోర్టల్ ఉంది.

జాగ్రత్తలు నాలుగు. సమస్య తలెత్తిన రోజు నుంచి 2 సంవత్సరాల లోపు వేయాలి. డీలరుతో తిరుగుతూ ఆ గడువు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. డీలరునూ, తయారీ కంపెనీనీ ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. లేకపోతే ఒకరు రెండోవారి మీదకు తోస్తారు. వేయడానికి ముందు ఇద్దరికీ స్పీడ్ పోస్టులో నోటీసు పంపి రసీదులు దాచండి. ట్యాక్సీ నడిపేవాళ్లు కూడా భయపడక్కర్లేదు. సొంతంగా పొట్ట పోసుకోవడం కోసమే నడుపుకుంటుంటే వినియోగదారు కిందే లెక్క, కానీ ఆ మాట ఫిర్యాదులో స్పష్టంగా రాయాలి.

ఏం అడగాలన్నది కూడా ముఖ్యం. “కొత్త కారు ఇప్పించండి” అని ఒక్కటే అడిగి కేసు పాడుచేసుకోకండి. వారంటీ అంటే పాడైన భాగాన్ని బాగు చేయడం, మార్చడం వరకేనని 2006లో ఒక కారు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. బండి మొత్తం మార్చాలంటే తయారీలోనే లోపం ఉందని నిపుణుల రిపోర్టుతో నిరూపించాలి. అందుకని ఉచితంగా బాగు చేయడం, కట్టిన డబ్బు వాపసు, తిరిగిన ఖర్చులు, పరిహారం వరుసగా అడగండి. పరీక్షకు పంపాల్సిన లోపమైతే కమిషనే ల్యాబ్‌కి పంపగలదు, ఆ అభ్యర్థన కూడా రాయండి.

9. బండి తీసుకునేటప్పుడు

“అయిపోయింది సార్, సంతకం పెట్టండి” అని తృప్తి చెందినట్టు ఉన్న కాగితం ముందుకు తోస్తారు. గేట్ పాస్ కోసం చాలామంది చదవకుండా పెట్టేస్తారు. ముందు బండి నడపండి. అంత ఎక్కుడు దగ్గర్లో లేకపోతే “ఘాటు మీద నడిపి చూడాల్సి ఉంది” అని రాసి పెట్టండి.

బిల్లులో మూడు చూడండి. మార్చిన భాగం పేరు, నంబరు ఉన్నాయా? దాని ఎదుట వారంటీ అని, మీరు కట్టేది సున్నా అని ఉందా? మీరు చెప్పని కడుగుడు, పాలిష్, ఇంకేవో చిల్లర పనులు కలిపారా? కలిపితే తీయించండి. మార్చిన భాగానికి వారంటీ ఎంతకాలమో అడగండి. చాలా కంపెనీల్లో అది అసలు వారంటీలో మిగిలిన రోజులకే ఉంటుంది. వారం తర్వాత కంపెనీ యాప్‌లో సర్వీస్ హిస్టరీ తెరిచి, ఈ పని ఎక్కిందో లేదో చూడండి. ఎక్కకపోతే ఈమెయిల్ పెట్టండి. రేపు అదే లోపం మళ్లీ వస్తే మీకు ఆధారం అదే.

తర్వాత లోపం వచ్చిన అదే రోడ్డు మీద, అదే బరువుతో కనీసం రెండుసార్లు నడపండి. నేను పదిరోజులాగి, ఇంట్లోవాళ్లను ఎక్కించుకుని, మోహన వెళ్లే పని పెట్టుకుని తప్తపాణి ఘాటు ఎక్కాను. లైటు వెలగలేదు, మూడో గేరులోనే పైదాకా లాగింది. పైన టీ కొట్టు దగ్గర ఆపి, ఆ రోజు తేదీ, కిలోమీటర్లు జాబ్ కార్డు వెనక రాసి ఫైలులో పెట్టాను.